కోస్తా గాలిలో నిలిచే నైరూప్య చిత్రాలు: ముద్రణ ప్రతులను ఎంచుకొని, కొని, పటం కట్టించుకునే పద్ధతి

నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా పటం కట్టించడం అనగానే ముందు గుర్తుకు వచ్చేది వేంకటేశ్వరస్వామి పటం, ఆ తర్వాత ఇంట్లో పోయిన పెద్దవాళ్ల ఫొటో. కొన్నేళ్లుగా కొత్త ఇళ్ల హాళ్లలో మరో రకం పటాలు కూడా కనిపిస్తున్నాయి. కాండిన్‌స్కీ వలయాలు, మాండ్రియన్ గళ్లు, రజా బిందువు వంటివి, అంటే మనిషినో వస్తువునో చూపకుండా రంగులు, ఆకారాలతోనే వేసిన నైరూప్య చిత్రాల ముద్రణ ప్రతులవి. వాటిని అమ్మే ప్రకటనలన్నింటిలోనూ "మ్యూజియం నాణ్యత" అనే మాట ఉంటుంది. ఆ మాటను నమ్మి నేను కూడా పాల్ క్లీ చిత్రం ఒకదాన్ని పటంతో సహా తెప్పించుకున్నాను. 2015 నవంబరు వానలు వెలిసేసరికి బొమ్మ చుట్టూ అంచుగా పెట్టే మందపు అట్ట, అంటే మౌంటు, లోపలి అంచు వెంబడి టీ మరకలాంటి గోధుమ రంగు గీత పడింది, కాగితం అలలు తేలింది, కింది మూల అద్దానికి అతుక్కుపోయింది. విప్పి చూస్తే వెనుక ఉన్నది చెప్పుల పెట్టెకు వాడే మామూలు అట్ట, దానికి బొమ్మను అంటించినది పార్సిళ్లకు చుట్టే బ్రౌన్ టేపు. బొమ్మ ముద్రణలో మాత్రం ఏ లోపమూ లేదు.

ఆ అనుభవం తర్వాత నాకు కలిగిన అభిప్రాయమే ఈ మార్గదర్శికి ఆధారం. సముద్రానికి దగ్గరగా, ఈశాన్య రుతుపవనాల దారిలో ఉన్న మన ప్రాంతంలో ముద్రణ ప్రతి ఎన్నేళ్లు నిలుస్తుందో తేల్చేది ముద్రణ కంటే పటమే. అందువల్ల బొమ్మను ఎక్కడి నుంచి తెప్పించుకున్నా, పటం పనిని మాత్రం మన కళ్లెదుట, మనం చెప్పిన సామగ్రితో చేయించుకోవడం మేలు. అయితే బొమ్మ సరిగా లేనిదే పటానికి పెట్టే ఖర్చు దండగ కాబట్టి వరుసగా మొదటి నుంచే చెబుతాను.

ముందు మాటల అర్థం తెలుసుకోవాలి

"మ్యూజియం నాణ్యత" అనే మాటకు చట్టంలో నిర్వచనం లేదు. బంగారానికి హాల్‌మార్క్ ఉన్నట్టు దీనికి ముద్ర వేసే సంస్థ కూడా లేదు, ఎవరైనా వాడుకోవచ్చు. కాబట్టి అమ్మేవారిని "ఇది మ్యూజియం నాణ్యతేనా" అని అడగడం వృథా. అడగవలసినవి నాలుగు: ఫైలు ఎక్కడిది, ఇంకు ఏ రకం, కాగితం దేనితో చేసినది, పటంలో బొమ్మకు తగిలే వస్తువులు ఏమిటి. ఈ నాలుగింటికీ రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలిగిన వారి దగ్గర కొనవచ్చు. "చాలా బాగుంటుంది సార్" అని మాత్రమే చెప్పేవారిని వదిలేయవచ్చు.

బజారులో దొరికే ప్రతులు స్థూలంగా మూడు రకాలు. మొదటిది ఆఫ్‌సెట్ యంత్రం మీద వేలకొద్దీ అచ్చయ్యే పోస్టరు. క్యాలెండర్లు, పెళ్లి శుభలేఖలు అచ్చయ్యే పద్ధతి అదే. రెండవది జిక్లే. ఇంకును సన్నని తుంపరగా చిమ్మే మేలు రకం ఇంక్‌జెట్ ముద్రణకు ఆ పేరు. చిమ్మడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి 1991లో జాక్ డుగాన్ అనే ముద్రణకారుడు దానిని రూపొందించాడు. మూడవది ఫ్లెక్సీ యంత్రం మీద తీసే కాన్వాసు. మన ఊళ్లలో పుట్టినరోజు బ్యానర్లు వేసే దుకాణాలు కాన్వాసు మీద కూడా ముద్రిస్తాయి, దూరం నుంచి చూస్తే పరవాలేదనిపిస్తుంది. కానీ ఆ యంత్రాల ఇంకు, రంగుల అమరిక కూడలిలో కట్టే బ్యానరుకు తగినవి. చిత్రంలోని సన్నని రంగు తేడాలు అందులో ఒకే ముద్దగా మారిపోతాయి.

"లిమిటెడ్ ఎడిషన్", "ప్రామాణికతా పత్రం" అనే మాటల పట్ల కూడా జాగ్రత్త అవసరం. చిత్రకారుడు స్వయంగా రాయి మీదనో తెర మీదనో పని చేసి, సంతకం పెట్టి, సంఖ్య వేసిన లిథోగ్రాఫ్, సెరిగ్రాఫ్ వేరు, చిత్రకారుడు పోయిన తర్వాత ఫొటో తీసి ముద్రించిన ప్రతి వేరు. రెండవదానికి ఎన్ని ముద్రలు వేసినా అది గోడకు అందమే కానీ పెట్టుబడి కాదు. దానిని ఆ భావంతోనే కొనాలి.

ఏ చిత్రాన్ని ఎంచుకోవాలి

చాలామంది చేసే పొరపాటు సోఫా రంగుకు సరిపడే బొమ్మను వెతకడం. అది తప్పని నేను అనను, కానీ ఆ వెతుకులాటకు ముందు తేల్చుకోవలసిన మాట ఒకటి ఉంది. అసలు చిత్రం ఎంత పరిమాణంలో, దేనితో వేసినది అన్నదే ఆ మాట. ముద్రణ ప్రతి ఎంత గొప్పదైనా దాని ఉపరితలం చదునుగానే ఉంటుంది. జాక్సన్ పొలాక్ 1950లో వేసిన "ఆటమ్ రిథమ్" న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఎత్తు 266 సెంటీమీటర్లకు పైగా, వెడల్పు 525 సెంటీమీటర్లకు పైగా ఉండే ఆ కాన్వాసు మీద రంగు తీగలు తీగలుగా గడ్డకట్టి ఉంటుంది. దానిని రెండడుగులకు కుదిస్తే మిగిలేది గీతల చిందరవందర మాత్రమే. రోత్కో చిత్రాలదీ అదే కథ. పలుచని పొరల మీద పొరలుగా వేసిన రంగు లోపలి నుంచి వెలిగినట్టు కనిపించడం వాటి ప్రాణం, ఆ వెలుగు కాగితం మీదికి రాదు.

కాగితం మీద, నీటిరంగులతోనో, గువాష్ అనే చిక్కటి నీటిరంగుతోనో వేసిన చిన్న చిత్రాలు మాత్రం ముద్రణలో దాదాపు ఉన్నవి ఉన్నట్టు వస్తాయి. ఇంట్లో పెట్టుకునే ప్రతికి నా మొదటి ఓటు ఎప్పుడూ వీటికే. కాండిన్‌స్కీ 1913లో వేసిన చదరాల్లో వలయాల చిత్రం ప్రపంచమంతటా మూడేసి అడుగుల కాన్వాసులుగా అమ్ముడవుతుంది, కానీ మ్యూనిక్ లెన్‌బాఖౌస్‌లో ఉన్న అసలు బొమ్మ సుమారు 24 సెంటీమీటర్ల ఎత్తు, 31 సెంటీమీటర్ల వెడల్పున్న కాగితం. అంటే ఏ-4 కాగితం కంటే కొద్దిగా పెద్దది, అది కూడా రంగులు ఒకదాని పక్కన ఒకటి ఎలా పలుకుతాయో చూసుకోవడానికి వేసుకున్న అభ్యాసం. దానిని అసలు పరిమాణంలోనే ముద్రించి, చుట్టూ నాలుగంగుళాల తెల్లని మౌంటు వదిలి కట్టిస్తే, మూడడుగుల కాన్వాసులో కనిపించని కుంచె తడి, రంగు అంచుల వణుకు కనిపిస్తాయి. క్లీ నీటిరంగుల చిత్రాల్లో చాలా వరకు ఈ కోవలోవే. మాండ్రియన్ 1930లో వేసిన ఎరుపు, నీలం, పసుపు గళ్ల చిత్రం నూనె రంగులదే అయినా ఒక్కో వైపు 46 సెంటీమీటర్లే కాబట్టి దానిని కూడా నిజ పరిమాణంలో పెట్టుకోవచ్చు. మన దేశానికి వస్తే గగనేంద్రనాథ్ ఠాగూరు 1920లలో వేసిన, వస్తువులను కోణాల ముక్కలుగా చూపే క్యూబిస్టు తరహా నీటిరంగుల చిత్రాలున్నాయి. అవి పూర్తి నైరూప్యం కాకపోయినా వెలుగు ముక్కలు ముక్కలుగా విరిగే ఆ మేడలు, మెట్లు చిన్న గదిలో అద్భుతంగా ఉంటాయి.

కొనే ముందు ఒక్కసారైనా అసలు నైరూప్య చిత్రాలను ఎదురుగా నిలబడి చూడాలి. నెల్లూరు నుంచి చెన్నైకి రైలులో దాదాపు మూడు గంటల ప్రయాణం. అక్కడ ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద, ఇంజంబాక్కం దగ్గర, కె.సి.ఎస్. పణిక్కర్ నాయకత్వంలో 1966లో చిత్రకారులే కట్టుకున్న చోళమండల్ గ్రామం ఉంది. అక్కడి ప్రదర్శనశాలలో మద్రాసు ఆధునిక కళా ఉద్యమపు చిత్రకారుల పనిని చూసి వచ్చాక, ఇంట్లో తెరమీద బొమ్మలు చూసేటప్పుడు ఉపరితలం ఎలా ఉంటుందో ఊహించడం అలవాటవుతుంది. ఆ అలవాటు లేకుండా ఫోను తెరమీద చూసి ఆర్డరు పెట్టినవారే "వచ్చిన బొమ్మ చప్పగా ఉంది" అని బాధపడటం ఎక్కువగా చూశాను.

హక్కుల సంగతి

మన కాపీరైట్ చట్టం 1957 ప్రకారం చిత్రకారుడు మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ల పాటు హక్కు కొనసాగుతుంది. కాండిన్‌స్కీ, మాండ్రియన్ ఇద్దరూ 1944లో మరణించారు కాబట్టి 2005 నుంచి మన దేశంలో వారి చిత్రాలు అందరివీ. క్లీ 1940లో, మాలెవిచ్ 1935లో, మటీస్ 1954లో, పొలాక్ 1956లో మరణించారు, వారి చిత్రాల గడువు కూడా ముగిసింది. రోత్కో 1970లో మరణించాడు కాబట్టి 2030 చివరి వరకు, పికాసో 1973లో మరణించాడు కాబట్టి 2033 చివరి వరకు అనుమతి లేని ప్రతి అక్రమమే. 2001లో మరణించిన మన దేశపు నైరూప్య చిత్రకారుడు గైతోండే చిత్రాలకు 2061 చివరి వరకు, 2016లో కన్నుమూసిన రజా చిత్రాలకు 2076 చివరి వరకు హక్కు ఉంటుంది. కాబట్టి రజా బిందువు ప్రతిని రోడ్డు పక్క దుకాణంలో చవకగా చూసినప్పుడు అది ఎవరి అనుమతితో అచ్చయిందని అడగడం మన బాధ్యత. అనుమతి ఉన్న ప్రతి మీదనో, దానితో వచ్చే పత్రం మీదనో హక్కుదారు పేరు, ముద్రించిన సంస్థ పేరు స్పష్టంగా ఉంటాయి.

గడువు ముగిసిన చిత్రాలతో మరో సౌకర్యం ఉంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లోనూ, షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ 2018లోనూ తమ దగ్గరున్న, హక్కుల గడువు తీరిన చిత్రాల పెద్ద ఫైళ్లను ఎవరైనా ఉచితంగా దించుకుని ఏ పనికైనా వాడుకునేలా తెరిచి ఉంచాయి. అక్కడ కావలసిన చిత్రం దొరికితే ఫైలు ఎక్కడిదన్న మొదటి ప్రశ్నకు అంతకంటే మంచి జవాబు లేదు. అయితే ఆ మ్యూజియంలు చూసేది అమెరికా చట్టాన్ని కాబట్టి మన దగ్గర గడువు ముగిసిన ప్రతి చిత్రమూ అక్కడ దొరకదు.

ఫైలు, పరిమాణం, అంచుల లెక్క

దగ్గర నుంచి చూసే ప్రతికి అంగుళానికి 300 పిక్సెళ్లు ఉండాలన్నది ముద్రణకారుల లెక్క. కాస్త దూరం నుంచి చూసే పెద్ద పటానికి 150 నుంచి 200 వరకు ఉన్నా సరిపోతుంది. 24 అంగుళాల వెడల్పు ప్రతికి 300 చొప్పున 7,200 పిక్సెళ్లు కావాలి, 150 చొప్పున 3,600 కావాలి. ఎవరో వాట్సాప్‌లో పంపిన, 1,600 పిక్సెళ్ల వెడల్పున్న బొమ్మను 300 లెక్కన ముద్రిస్తే వచ్చేది అయిదున్నర అంగుళాల లోపు ప్రతి. దుకాణం వారు కంప్యూటరులో దానిని సాగదీసి రెండడుగులు చేయగలరు, కానీ లేని వివరాన్ని తెచ్చి పెట్టలేరు. మాండ్రియన్ నల్ల గీతల అంచులు మసకబారడం, క్లీ చిత్రంలో కాగితపు గరుకుతనం మాయం కావడం ఇలాంటి సాగదీతకు గుర్తులు.

అంచులు కోయడం ఇంతకంటే మోసకరమైనది. అమ్మేవారి పటాలు నిర్ణీత కొలతల్లో ఉంటాయి, చిత్రాలు ఉండవు. కాండిన్‌స్కీ 1923 నాటి "కంపోజిషన్ 8" ఎత్తు 140, వెడల్పు 201 సెంటీమీటర్లు. దానిని 24కు 36 అంగుళాల చట్రంలో నింపాలంటే పైనో కిందో అంగుళానికి పైగా కోయక తప్పదు. ప్రతి గీతా లెక్కతో నిలిచే అలాంటి చిత్రంలో అంచు పోతే బరువు ఒకవైపుకు ఒరిగిపోతుంది. అదే చిత్రం ఏ-2 కాగితం మీద 59.4 సెంటీమీటర్ల పూర్తి వెడల్పుకు ముద్రిస్తే ఎత్తు సుమారు 41.4 సెంటీమీటర్లు వస్తుంది, కాగితం ఎత్తు 42 కాబట్టి ఏమీ కోయకుండానే ఇమిడిపోతుంది. మ్యూజియం ప్రకటించిన కొలతను అమ్మకందారు ఇచ్చే కొలతతో భాగించి చూసుకోవడానికి ఒక్క నిమిషం చాలు. తేడా వస్తే, అంచులు కోయకుండా చుట్టూ తెల్ల కాగితం వదిలి ముద్రించమని రాసి పంపాలి.

ఇంకు, కాగితం, రెండు చిన్న పరీక్షలు

ఇంకు రెండు రకాలు. డై ఇంకు నీటిలో కరిగే రంగు, మొదట్లో కళ్లు చెదిరేలా ఉండి వెలుతురుకు త్వరగా వెలిసిపోతుంది. పిగ్మెంట్ ఇంకులో రంగు సన్నని పొడి రేణువులుగా ఉంటుంది, వెలుతురుకు బాగా ఓర్చుకుంటుంది. మంచి కాగితం మీద పిగ్మెంట్ ఇంకుతో తీసి, అద్దం వెనుక, నేరుగా ఎండ తగలని చోట పెట్టిన ప్రతి దశాబ్దాల పాటు రంగు మారదు. ఆర్డరులో "పిగ్మెంట్ ఇంకు" అనే మాట రాతలో ఉండాలి.

కాగితం విషయంలో వెతకవలసినది నూరు శాతం పత్తి గుజ్జుతో చేసినది, ఆమ్లం, లిగ్నిన్ లేనిది. పాత వార్తాపత్రిక పచ్చబడి పెళుసెక్కడానికి కారణం చెక్క గుజ్జులో ఉండే ఆ లిగ్నినే. జర్మనీకి చెందిన హానెమ్యూలే, ఫ్రాన్సుకు చెందిన కాన్సన్ వంటి శతాబ్దాల నాటి తయారీదారుల కాగితాలు మన పెద్ద నగరాల్లోని ముద్రణశాలల్లో దొరుకుతాయి. మందం చదరపు మీటరుకు 300 గ్రాముల దరిదాపుల్లో ఉంటే మన తేమకు త్వరగా అలలు తేలదు. నునుపుగా మెరిసే కాగితం కంటే మెరుపు లేని మ్యాట్ కాగితం నైరూప్య చిత్రాలకు నప్పుతుంది.

మొదటి పరీక్షకు బట్టల వ్యాపారులు అంగుళానికి ఎన్ని పోగులున్నాయో లెక్కపెట్టడానికి వాడే చిన్న భూతద్దం చాలు. ఒకే రంగు పరుచుకున్న చోట దానిని పెట్టి చూడండి. చుక్కలు పువ్వు రేకుల్లా వరుసగా, క్రమబద్ధంగా కనిపిస్తే అది ఆఫ్‌సెట్ పోస్టరు. దుమ్ము చల్లినట్టు క్రమం లేకుండా సన్నగా కనిపిస్తే ఇంక్‌జెట్.

రెండవ పరీక్ష నాకు మరీ ఇష్టమైనది, ఎందుకంటే దానికి కావలసిన పరికరం ప్రతి కిరాణా కొట్టులోనూ ఉంటుంది. దొంగనోట్లను పట్టుకోవడానికి క్యాషు కౌంటరు దగ్గర పెట్టుకునే నీలి దీపం కింద కాగితం అంచును పెట్టండి. అసలు నోటు కాగితంలో తెలుపును పెంచే రసాయనాలు ఉండవు కాబట్టి అది ఆ వెలుగులో మసకగానే ఉంటుంది, మామూలు కాగితం నీలంగా మెరుస్తుంది. చిత్రపు కాగితం కూడా నోటులాగే మసకగా ఉండాలి. మెరిసిందంటే అందులో తెలుపు రసాయనాలు ఉన్నట్టే. కాలక్రమంలో అవి శక్తిని కోల్పోయి, ఈనాటి పాల తెలుపు రేపు పసుపు ఛాయలోకి దిగుతుంది. మాలెవిచ్, మాండ్రియన్ వంటి తెలుపే ప్రధానమైన చిత్రాలకు ఆ మార్పు వెంటనే తెలిసిపోతుంది.

అవకాశం ఉంటే పూర్తి ప్రతికి ముందు ఒక చిన్న ముక్కను నమూనాగా ముద్రించి పంపమని అడగండి. దానిని మీ హాల్లో, పగటి వెలుతురులో ఒకసారి, రాత్రి మీరు వాడే ఎల్‌ఈడీ దీపం కింద ఒకసారి చూడండి. పసుపు కాంతి దీపం కింద క్లీ ఆకుపచ్చలు మట్టిరంగులోకి మారడం నేను చూశాను. తప్పు ప్రతిది కాదు, దీపానిది.

పటం

ఇక్కడే ఎక్కువ శ్రద్ధ కావాలి. మన ఊరి పటాల దుకాణాల్లో పనివాళ్ల చేతి నైపుణ్యానికి కొదవ లేదు, మూలలు నలభై అయిదు డిగ్రీలకు కోసి వెంట్రుక దూరకుండా కలపగలరు. కానీ వారికి వచ్చే పటాల్లో తొంభై పాళ్లు దేవుళ్లవీ, పెళ్లి ఫొటోలవీ. వాటిని అద్దానికి ఆనించి, వెనుక అట్ట పెట్టి మేకులు కొట్టేయడమే వాడుక. కాబట్టి చిత్రానికి ఏం కావాలో మనమే చెప్పాలి. దగ్గర కూర్చుని చేయించుకోవడానికి వారు అభ్యంతరం చెప్పరు, టీ కూడా తెప్పిస్తారు.

మొదటి నియమం: బొమ్మ అద్దాన్ని తాకకూడదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన గాలిలో తేమ ఎనభై శాతం దాటడం మామూలే, ఏసీ గదుల్లో చల్లబడిన అద్దం లోపలి వైపు కూడా చెమ్మ పట్టవచ్చు. బొమ్మ అద్దానికి తగులుతూ ఉంటే ఇంకు దానికి అంటుకుంటుంది, తర్వాత విడదీయలేం. మధ్యలో మౌంటు బోర్డు ఉంటే ఆ ఎడం వస్తుంది. ఆ బోర్డు ఆమ్లం లేనిది కావాలి. ముక్క కోసి చూస్తే లోపల కూడా తెల్లగా ఉండాలి, పైన తెలుపు, లోపల బూడిద రంగు ఉంటే వద్దు. మా ఇంటి క్లీ చిత్రానికి గోధుమ గీత తెచ్చినది అలాంటి బోర్డే. స్థానికంగా దొరకకపోతే చెన్నై నుంచో హైదరాబాదు నుంచో ఒకటి రెండు షీట్లు తెప్పించి దుకాణానికి ఇవ్వండి. మౌంటు లేకుండా కాగితం అంచుల వరకు కనిపించాలనుకుంటే చట్రం లోపలి వైపు మూడు నాలుగు మిల్లీమీటర్ల మందమున్న పట్టీలు అంటించి అద్దాన్ని ఎత్తించాలి.

రెండవది, బొమ్మను అతికించే తీరు. వెనుక మొత్తం ఫెవికాల్ పూసి బోర్డుకు అంటించడం, అంచుల వెంబడి సెలోటేపు వేయడం రెండూ వద్దు. కాగితం తేమ పీల్చినప్పుడు కాస్త పెరుగుతుంది, ఆరినప్పుడు తగ్గుతుంది. నాలుగు వైపులా బిగిస్తే కదలడానికి చోటు లేక ఉబ్బుతుంది. పై అంచున రెండు చోట్ల మాత్రమే, సన్నని జపాను కాగితపు పట్టీలతో, గోధుమ గంజి జిగురుతో మౌంటు వెనుక బోర్డుకు వేలాడదీయాలి. మైదా ఉడికించి పుస్తకాలకు అట్టలు వేసిన తరం వారికి ఆ జిగురు కొత్తేమీ కాదు. అయితే ఆ పిండికి పురుగులు వస్తాయి కాబట్టి చుక్క చుక్కగా వాడి, పటాన్ని వెనుక నుంచి పూర్తిగా మూసివేయాలి.

వెనుక బోర్డు మూడవది. ఆమ్లం లేని పలుచని బోర్డు బొమ్మకు ఆనించి, దాని వెనుక తేమ పీల్చని పీవీసీ ఫోమ్ షీటు, అంటే ఫ్లెక్సీ దుకాణాల వాళ్లు సన్‌బోర్డు అని పిలిచేది, పెట్టించడం నేను పాటిస్తున్న పద్ధతి. హార్డ్‌బోర్డు, ఎండీఎఫ్ మన వానలకు ఉబ్బుతాయి, చెదలు పడితే లోపలి నుంచి తినేస్తాయి. చివరగా చట్రానికి, బోర్డుకు మధ్య సందును కాగితపు టేపుతో చుట్టూ మూయించాలి. పుస్తకాల్లో వెండిరంగులో మెరుస్తూ జారిపోయే పురుగులు కాగితాన్ని గీకి తినేది ఆ సందులోంచి లోపలికి వెళ్లే.

అద్దం విషయంలో మామూలు రెండు మిల్లీమీటర్ల గాజు చిన్న పటాలకు చాలు. అయితే అతినీలలోహిత కిరణాలను అది పెద్దగా ఆపలేదు. వాటిని వడకట్టే అక్రిలిక్ షీటు పెద్ద పటాలకు మంచిది, తేలిక, పడినా పగిలి ముక్కలు కాదు. సైన్‌బోర్డు దుకాణాల్లో దొరికే సాధారణ అక్రిలిక్‌కు ఆ గుణం తక్కువ కాబట్టి "యూవీ ఫిల్టర్" రకమని ప్రత్యేకంగా అడగాలి. అక్రిలిక్‌ను పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి, అమ్మోనియా ఉన్న ద్రావణాలతో తుడిస్తే మసకబారుతుంది. తడిపి పిండిన మెత్తని నూలుగుడ్డ చాలు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు పరిచిన ఇళ్లలో నేలే సగం అద్దం కాబట్టి, కిటికీ వెలుగు నేల మీద పడి పటంలోకి వస్తుంది. అలాంటి హాలుకు ప్రతిబింబం తగ్గించే పూత ఉన్న గాజు ఖరీదైనా విలువైనదే, లేదా పటాన్ని కిటికీకి ఎదురు గోడ నుంచి పక్క గోడకు మార్చినా సరిపోతుంది.

చట్రానికి టేకు మంచిది, ఆరిన టేకు అయితే మరీ మంచిది. సింథటిక్ మోల్డింగ్ చూడటానికి కాస్త తేలికగా ఉన్నా చెదలు పట్టదు, ఉప్పుగాలికి ఉబ్బదు. మైపాడు, కొత్తపట్నం వైపు సముద్రం ఒడ్డున ఇల్లున్నవారికి నేను అదే చెబుతాను. బంగారు లతలు, పూలు ఉన్న చట్రం మాండ్రియన్‌కు పెడితే పెళ్లికూతురి నగలు సన్యాసికి పెట్టినట్టుంటుంది. నల్లనిదో, తెల్లనిదో, సహజమైన చెక్క రంగుదో, ముప్పావు అంగుళం నుంచి అంగుళంన్నర లోపు ఉన్నది చాలు.

ఖర్చు లెక్క తెలిస్తే బేరం తేలిక. మోల్డింగు రన్నింగ్ ఫుట్ చొప్పున అమ్ముతారు. 18కి 24 అంగుళాల ప్రతికి చుట్టూ మూడంగుళాల మౌంటు పెడితే పటం లోపలి కొలత 24కు 30 అవుతుంది, చుట్టుకొలత 108 అంగుళాలు, అంటే తొమ్మిది అడుగులు. అంగుళంన్నర వెడల్పు మోల్డింగయితే మూలల కోతలకు ఎనిమిది రెట్లు, అంటే మరో 12 అంగుళాలు కలపాలి. మొత్తం పది అడుగులు. బిల్లులో అంతకు మించి కనిపిస్తే ఎందుకని అడగవచ్చు. అద్దం, మౌంటు, వెనుక బోర్డు, కూలీ విడివిడిగా రాయించుకోండి.

ఒక్క సూచన మాత్రం మరవవద్దు. వానల్లో పటం కట్టించకండి. బోర్డులు, కాగితం అప్పటికే పీల్చుకున్న తేమను లోపల పెట్టి మూసినట్టవుతుంది. సంక్రాంతి దాటాక, ఫిబ్రవరి, మార్చి నెలలు ఇందుకు అనువైనవి. కొత్తగా ముద్రించిన ప్రతిని కూడా ఒక రోజు ఆరబెట్టకుండా మూయకూడదు, ఇంకులోని ఆవిరి అద్దం లోపలి వైపు మసకగా పేరుకుంటుంది.

తెప్పించుకోవడం

పటంతో సహా తెప్పించుకోక తప్పదనుకుంటే గాజు బదులు అక్రిలిక్ ఉన్నదే తెప్పించుకోండి. వెనుక వైపు ఫొటో, మౌంటు బోర్డు వివరం ముందే అడగండి, పార్సిలు విప్పేటప్పుడు మొదటి నుంచి చివరి వరకు వీడియో తీయండి. విడి ప్రతిని చుట్టి పంపితే గొట్టం వ్యాసం కనీసం మూడు నాలుగు అంగుళాలు ఉండాలి. వచ్చిన ప్రతిని ఒక రోజు చదునుగా, శుభ్రమైన కాగితాల మధ్య పరిచి ఉంచితే దానంతట అదే సర్దుకుంటుంది. విదేశాల నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం అదనం, ధర పోల్చేటప్పుడు దానిని కలుపుకోవాలి.

గోడ మీద

మన ఇళ్లలో పటాలను దర్వాజా పైన, దూలానికి దగ్గరగా, ముందుకు వంచి కొట్టడం అలవాటు. నమస్కారం చేసుకునే పటానికి అది సబబే. చూసే చిత్రానికి నడిమధ్య భాగం నేల నుంచి 145 నుంచి 155 సెంటీమీటర్ల ఎత్తులో, కంటికి ఎదురుగా ఉండాలి. సోఫా మీద అయితే వీపు అంచుకు ఆరేడు అంగుళాల పైన మొదలైతే సరి.

ఈశాన్య వానలు తూర్పు, ఉత్తరపు బయటి గోడలను తడుపుతాయి, ఆ గోడల మీద సున్నం ఉప్పురిసి ఊడుతున్న చోటు ఉంటే అక్కడ వద్దు. లోపలి గదుల మధ్య అడ్డుగోడ అన్నిటికంటే మంచిది. పడమటి కిటికీలోంచి సాయంత్రపు ఎండ నేరుగా పడే గోడనూ వదిలేయాలి. మ్యూజియంలు కాగితపు చిత్రాల మీద 50 లక్సుల (లక్సు వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురు మించనివ్వవు. ఇంట్లో అంత చీకటి సాధ్యం కాదు, కానీ ఎండ పడకుండా చూసుకోవడం సాధ్యమే. పటం వెనుక కింది మూలలకు రెండు రబ్బరు బిళ్లలు అంటిస్తే గోడకు, పటానికి మధ్య గాలి ఆడుతుంది. పెద్ద పటానికి ఒక మేకు చాలదు, డ్రిల్లు చేసి ప్లగ్గు వేసిన రెండు స్క్రూలు కావాలి.

కొక్కేలు బిగించే ముందు పైభాగం ఏదో మ్యూజియం చిత్రంతో సరిచూసుకోండి. ఇందులో నామోషీ ఏమీ లేదు. 1961లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో మటీస్ పడవ చిత్రం 47 రోజుల పాటు తలకిందులుగా వేలాడింది. మాండ్రియన్ 1941లో రంగుల అంటుపట్టీలతో చేసిన "న్యూయార్క్ సిటీ 1" అనే చిత్రం జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ మ్యూజియంలో 1980 నుంచి తలకిందులుగానే ఉందని 2022లో బయటపడింది. పాత పట్టీలు ఊడిపోతాయన్న భయంతో దానిని అలాగే ఉంచేశారు. మీ పటం వెనుక మాత్రం పెన్సిలుతో "పైన" అని రాసి, ప్రతి వివరాలు, పటం కట్టిన నెల, సంవత్సరం చిన్న కాగితం మీద రాసి అంటించండి. ఏటా జనవరిలో, వానలు పూర్తిగా పోయాక, పటాన్ని దించి వెనుక టేపు ఎక్కడైనా లేచిందేమో, మౌంటు అంచున గోధుమ ఛాయ మొదలైందేమో చూడండి. ఛాయ కనిపిస్తే బొమ్మను అలాగే ఉంచి మౌంటు ఒక్కటే మార్పించవచ్చు. మా క్లీ చిత్రానికి ఆ మార్పు ఆలస్యంగా జరిగింది, అందుకే గీత ఇప్పటికీ లీలగా కనిపిస్తూనే ఉంది.